రసీదు మీది రాత ఎన్నాళ్లుంటుంది?

వానాకాలం సాగు మొదలయ్యే ముందు వ్యవసాయాధికారులు ఏటా ఒక మాట చెబుతారు: విత్తనాలు కొంటే బిల్లు తీసుకోండి, ఆ బిల్లునూ ఖాళీ ప్యాకెట్టునూ పంట చేతికొచ్చేదాకా దాచిపెట్టండి. పత్తి, వేరుశనగ, వరి, మిరప పండే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ మాటకు బరువు ఎక్కువ. జూన్‌లో కొన్న పత్తి విత్తనానికి చివరి ఏరుడు జనవరిలోనో ఫిబ్రవరిలోనో అవుతుంది. అంటే ఆ బిల్లు ఎనిమిది నెలలు బతకాలి. విత్తనం మొలవకో, కాయ పట్టకో రైతు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కాలనుకుంటే 2019 నాటి వినియోగదారుల చట్టం రెండేళ్ల గడువు ఇస్తుంది. అప్పుడు బిల్లు ఆయుష్షు ఇంకా పెరగాలి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని సుప్రీంకోర్టు 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో తేల్చింది. ఆ ఫిర్యాదులు చేసినవాళ్లు అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతులే. ఇంత హక్కూ చివరికి అరచేతిలో పట్టే ఒక కాగితాన్ని ఆనుకొని నిలబడుతుంది. ఆ కాగితం మీది అక్షరాలు అన్నాళ్లు ఉంటాయా లేదా అన్నది రైతు జాగ్రత్త కన్నా ముందు దుకాణం కౌంటర్ మీదున్న ప్రింటరు ఏ రకందో దాన్ని బట్టి తేలిపోతుంది.

ప్రింటర్లను పోల్చమంటే ఎవరైనా ధర, వేగం, స్పష్టత, పేజీకి పడే ఖర్చు చెబుతారు. ఇవన్నీ ప్రింటరు కొనేవాడి లెక్కలు. కాగితం పట్టుకొని ఇంటికి వెళ్లేవాడి లెక్క వేరు. అతనికి కావలసింది ఒక్కటే: అవసరం పడ్డ రోజున ఆ కాగితం మాట్లాడాలి. అందుకని ప్రింటర్ల పోలిక రాత కాగితాన్ని ఏ విధంగా పట్టుకుందన్న ప్రశ్నతో మొదలు కావాలన్నది నా వాదన. గద్వాల చీరకు ప్రాణం నూలు ఒడలికీ పట్టు అంచుకీ మధ్య వేసే కుప్పడం జోడింపులో ఉంటుంది. నూలు ఎంత మేలైనదైనా, పట్టు ఎంత ఖరీదైనదైనా, జోడింపు వదులైతే చీర నిలవదు. అచ్చుకు కూడా ప్రాణం రాతా కాగితమూ కలిసే చోటే ఉంది. మన చుట్టూ ఉన్న ప్రింటర్లు ఆ జోడింపును నాలుగు తీర్లుగా చేస్తాయి. ఒకటి కొట్టి అద్దుతుంది, ఒకటి చిమ్మి ఇంకిస్తుంది, ఒకటి కరిగించి అంటిస్తుంది. నాలుగోది రంగు ఏదీ వేయకుండా కాగితాన్నే నల్లబరుస్తుంది.

పనితీరులో ఇంత తేడా ఉన్నా ఈ నాలుగింటికీ పునాది ఒకటే, అది గద్వాల మగ్గాల మీద కనిపించేదే. అంచు మీద హంసనో మామిడిపిందెనో నేయాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీస్తారు. ఏ గడి నిండాలో ఏది ఖాళీగా ఉండాలో నిర్ణయించి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు. జాకార్డులో చిల్లున్న చోట సూది దూరి కొక్కెం పోగును లేపుతుంది, చిల్లు లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. ఫ్రాన్సులోని లియోన్‌లో 1804 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ ఆలోచనే ప్రింటరు ఆలోచన కూడా. పాత అచ్చాఫీసులో 'క' అనే సీసపు అక్షరం మొత్తంగా ఉండేది. కంప్యూటరు ప్రింటరుకు 'క' అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది గళ్లు మాత్రమే: ఈ గడిలో చుక్క పెట్టు, ఆ గడి వదిలెయ్. ఆ చుక్కను దేనితో పెడతావన్న దగ్గరే జాతులు వేరవుతాయి.

అన్నింటికన్నా పాతదీ, కీచుమని చప్పుడు చేసేదీ డాట్ మాట్రిక్స్. దీని తలలో నిలువు వరుసలో సన్నని ఉక్కు సూదులుంటాయి, తొమ్మిదో ఇరవై నాలుగో. ఒక్కో సూది వెనక ఒక్కో విద్యుదయస్కాంతం. కరెంటు తగలగానే సూది ముందుకు దూకి, సిరా పట్టించిన రిబ్బన్ మీద కొట్టి వెనక్కు వస్తుంది. తల అడ్డంగా జరుగుతూ పోతుంటే ఆ దెబ్బలే అక్షరాలవుతాయి. తాళపత్రాల కాలంలో గంటంతో ఆకు మీద గీరి, గీతల్లో మసి రుద్దేవారు. గాడి, అందులో నల్లని బొగ్గు, రెండూ కలిసి రాత అయ్యేవి. డాట్ మాట్రిక్స్ దాని దగ్గరి చుట్టమే. దెబ్బకు కాగితంలో చిన్న గుంట పడుతుంది, ఆ గుంటలోకి బొగ్గు కలిసిన నూనె సిరా దిగుతుంది. కార్బన్ ఎండకు వెలవదు, నీటికి కరగదు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికను అచ్చు వేసిన కాలపు పుస్తకాలు ఏవి చూసినా కాగితం పసుపెక్కి పెళుసవుతుంది గాని అక్షరం వెలిసిపోదు. కారణం ఈ బొగ్గే.

ఈ దెబ్బకు ఇంకో గుణముంది, దాన్ని ఇప్పుడు చాలామంది మరిచిపోతున్నారు. ధాన్యం లారీ వే బ్రిడ్జి ఎక్కినప్పుడు కాటా చీటీ రెండు మూడు ప్రతుల్లో వస్తుంది. డాట్ మాట్రిక్స్ అయితే ఆ మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టినవే. పైన పడ్డ సూది దెబ్బ కింది రెండింటి మీదా అదే క్షణంలో పడుతుంది. పై ప్రతిలో 9,840 కిలోలు ఉంటే కింది ప్రతిలో 9,480 ఉండటం కుదరదు. లేజరులో మూడు ప్రతులు కావాలంటే మూడుసార్లు విడివిడిగా అచ్చు వేయాలి. మొదటిదానికీ మూడోదానికీ మధ్య అంకె మార్చడానికి వీలుంటుంది. మార్చారని అనడం లేదు, మార్చే వీలే లేని యంత్రం ఒకటి ఉందని అంటున్నాను. రైస్ మిల్లులో ఒక ప్రతి, లారీలో ఒక ప్రతి, అమ్మినవాడి జేబులో ఒక ప్రతి ఉన్నప్పుడు ఆ మూడూ ఒకే దెబ్బకు పుట్టాయన్నది చిన్న విషయం కాదు. బ్యాంకులు పాస్‌బుక్కు అచ్చు వేయడానికి ఇప్పటికీ సూదుల యంత్రాన్నే వాడటానికి కారణం కూడా ఈ కొట్టే పద్ధతిలోనే ఉంది. కుట్టుతో మందంగా ఉన్న పుస్తకాన్ని లేజరు రోలర్ల మధ్య వంచి, వేడి మీదుగా తీయలేరు. చదునుగా పెట్టి పైనుంచి కొట్టవచ్చు. అందుకే కౌంటర్లో ఇరవై నాలుగు సూదుల తల ఇంకా కిర్రుమంటూనే ఉంది.

డాట్ మాట్రిక్స్‌కు తెలుగు దగ్గర మాత్రం ఒక పెద్ద లోటు ఉండేది, దాన్ని దాచకూడదు. తొమ్మిది సూదుల తల ఎత్తు అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు మూడు మిల్లీమీటర్లు. ఇంగ్లీషు పెద్ద అక్షరానికి ఏడు చుక్కల ఎత్తు చాలు, కిందికి జారే తోకలకు మిగతా రెండు. మన 'లక్ష్మి'నో 'స్త్రీ'నో ఆ తొమ్మిదింటిలో ఇరికించాలంటే పైన గుడికి మూడు, నడుమ అక్షరానికి మూడు, కింద ఒత్తులకు మూడు మిగులుతాయి. మూడు చుక్కల్లో ఒత్తు గుర్తుపట్టేలా రాదు. అందుకని తల ఒకే వరుస మీద పైనొకసారి, కిందొకసారి తిరగాల్సి వచ్చేది, వేగం సగానికి పడిపోయేది. భారతీయ లిపుల కోసం ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, సీ-డాక్ చేతిలో పెరిగిన జిస్ట్ కార్డు వంటివి వచ్చాక, ఇరవై నాలుగు సూదుల తలలు వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. కాని ఇంగ్లీషులోనే అచ్చు వేయడమని అప్పుడు పడ్డ అలవాటు పోలేదు. ఈనాటి చిన్న థర్మల్ ప్రింటరు మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు పెడుతుంది. మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఇరవై నాలుగు చుక్కలు, అంటే ఇరవై నాలుగు సూదులకు సమానం. తెలుగు శుభ్రంగా పడుతుంది. అయినా చాలా దుకాణాల బిల్లులు ఇంగ్లీషులోనే వస్తున్నాయంటే తప్పు యంత్రానిది కాదు, సాఫ్ట్‌వేర్ రాయించుకున్నవాళ్లది. చదవలేని భాషలో ఉన్న బిల్లు దాన్ని పట్టుకున్నవాడికి మొదటి రోజునుంచే వెలిసిపోయిన బిల్లుతో సమానం.

థర్మల్ ప్రింటరు ఇవాళ ఈ మూడు జిల్లాల్లో అందరి చేతికీ కాగితం ఇచ్చే యంత్రం. ఆర్టీసీ కండక్టరు చేతిలో ఉన్నది అదే. రేషన్ షాపు ఈ-పాస్ మిషన్లో, ఇంటికొచ్చి తీసే కరెంటు బిల్లు మిషన్లో, ఏటీఎంలో, కిరాణా కౌంటర్లో ఉన్నదీ అదే. దీనిలో సిరా లేదు, రిబ్బన్ లేదు, పొడి లేదు. ఉన్నది ఒక రబ్బరు రోలరు, దానికి ఆనుకొని ఒక సన్నని వరుసలో చిన్న చిన్న వేడి గడులు. రెండంగుళాల చీటీ మిషన్లో ఆ గడులు 384 ఉంటాయి. కాగితం జరుగుతుంటే ఏ గడి వేడెక్కితే ఆ చోట నల్ల చుక్క పడుతుంది. కిటుకంతా కాగితంలో ఉంది. దాని పైపూతలో మూడు పదార్థాలు కలవకుండా పక్కపక్కనే గట్టిగా ఉంటాయి: రంగు లేని రంగు ఒకటి, దాన్ని నల్లబరచే ఆమ్ల గుణమున్న డెవలపర్ ఒకటి, త్వరగా కరిగే మైనం లాంటిది ఒకటి. వేడి తగలగానే మైనం కరిగి మిగతా రెండింటినీ కలుపుతుంది. అప్పటిదాకా ముడుచుకొని ఉన్న రంగు అణువులో ఒక వలయం విచ్చుకుంటుంది. విచ్చుకున్నప్పుడే అది నలుపుగా కనిపిస్తుంది. ఈ రసాయనానికి మూలం అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ. కార్బన్ పేపరు లేకుండా ప్రతులు తీసే కాగితాన్ని 1950లలో, వేడికి నల్లబడే కాగితాన్ని తర్వాతి దశాబ్దంలో అదే తయారు చేసింది.

ఇక్కడ గమనించవలసిన మాట ఒకటుంది. విచ్చుకున్న వలయం మళ్లీ ముడుచుకోగలదు. డాట్ మాట్రిక్స్ రాతలో ఉన్నది బొగ్గు, అది ఎక్కడికీ పోదు. థర్మల్ రాతలో ఉన్నది ఒక అణువు తాత్కాలికంగా కూర్చున్న తీరు. రంగునూ డెవలపర్‌నూ విడదీసేది ఏది తగిలినా నలుపు తిరిగి తెలుపవుతుంది. నూనె చేయి తగిలితే వెలుస్తుంది. ఎండలో పెడితే వెలుస్తుంది. అన్నింటికన్నా బాధ కలిగించేది మెత్తని ప్లాస్టిక్ కవరు. పీవీసీని మెత్తగా చేయడానికి కలిపే ద్రవం కవరులోంచి మెల్లగా కాగితంలోకి చేరి ఆ రెండింటినీ విడదీస్తుంది. ముఖ్యమైన కాగితమని తలచి రైతు బిల్లును పాస్‌బుక్కు కవరులో పెట్టుకుంటాడు. సరిగ్గా అదే దాన్ని తుడిచేస్తుంది. మరికొందరు ఇంకో అడుగు ముందుకేసి లామినేషన్ చేయిస్తారు. లామినేషన్ రోలరు వేడి నూరు డిగ్రీలు దాటి ఉంటుంది. కాగితానికి ఆ వేడికీ ప్రింటరు తల వేడికీ తేడా తెలియదు. చీటీ మొత్తం ఒక్క క్షణంలో నల్లని పలకై బయటికి వస్తుంది. కాపాడుకోవడానికి మనిషికి తెలిసిన రెండు దారులూ ఆ కాగితానికి ముప్పే.

ఇక మన ఎండ సంగతి. థర్మల్ కాగితం ఐదేళ్లు, ఏడేళ్లు ఉంటుందని తయారీదారులు చెబుతారు, అది అబద్ధం కాదు. కాని ఆ లెక్క సుమారు 25 డిగ్రీలకు మించని వేడి, 65 శాతం దాటని తేమ ఉన్న చీకటి గదికి వేసినది. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో గోడవార ట్రంకు పెట్టె ఇంకా వేడెక్కుతుంది. మూసిన ట్రాక్టరు పెట్టెలోనో జీపు అద్దం ముందరో పెట్టిన చీటీ 60, 70 డిగ్రీల దాకా చూడగలదు. మామూలు థర్మల్ కాగితం బూడిద రంగుకు తిరగడం మొదలయ్యేది ఆ వేడి దగ్గరే. అంటే ఇక్కడి రసీదుకు రెండు చావులు పొంచి ఉన్నాయి: రాత వెలిసిపోవడం, లేదా కాగితమే నల్లబడి రాత అందులో మునిగిపోవడం. జూన్‌లో విత్తనం కొన్నవాడి బిల్లు మరుసటి మే నెలను కూడా దాటాలంటే ఆ రెండింటినీ గెలవాలి. మార్కెట్ యార్డులో పంట అమ్మినప్పుడు ఇచ్చే తక్‌పట్టీకైనా, విత్తనాల కోసం సీడ్ పత్తి పండించేవాళ్లకూ కంపెనీల తరఫున సాగు చేయించే ఆర్గనైజర్లకూ మధ్య నడిచే లెక్కలకైనా ఇదే వర్తిస్తుంది. సీడ్ పత్తిలో విత్తనాలు అప్పగించిన రోజే డబ్బు తేలదు. నాణ్యత పరీక్షలు అయ్యాకే పూర్తి లెక్క తేలుతుంది, దానికి నెలలు పడుతుంది. అన్ని నెలలూ మాట్లాడవలసిన కాగితం కొద్ది వారాలకే మూగబోతే నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని థర్మల్ ప్రింటరును తిట్టిపోయడం న్యాయం కాదు. అది లేకపోతే చాలా పనులు సాగవు. గద్వాల నుంచి అలంపూర్ వెళ్లే బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకున్న కండక్టరుకు, బ్యాటరీ మీద పనిచేస్తూ, రెండు సెకన్లలో చీటీ ఇచ్చే యంత్రం ఇంకోటి లేదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మహిళలకు ఇచ్చే జీరో టికెట్టును తలచుకోండి. దాని మీద చెల్లించవలసిన సొమ్ము సున్నా. అయినా అచ్చు వేసి ఇస్తారు, ఎందుకంటే ప్రభుత్వం ఆర్టీసీకి కట్టవలసిన లెక్క ఆ టికెట్ల మీదే నడుస్తుంది. ఆ లెక్క మిషన్‌లో ఉండిపోతుంది. చేతికిచ్చిన చీటీ మాత్రం చెకింగ్ వాళ్లకు చూపడానికే, దాని ఆయుష్షు దిగే స్టాపు దాకా. గంట బతకవలసిన రాతకు థర్మల్‌ను మించింది లేదు. రేషన్ చీటీ ఒక నెల, కరెంటు బిల్లు కట్టేదాకా. వీటికీ అది సరిపోతుంది. అయితే ఈ కాగితాన్ని రోజుకు వందలసార్లు ముట్టుకునే కండక్టర్ల, క్యాషియర్ల చేతుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. డెవలపర్‌గా చాలాకాలం వాడిన బిస్ఫినాల్-ఏ హార్మోన్ల పనిని కలవరపెడుతుందని యూరోపియన్ యూనియన్ 2020 జనవరి నుంచి థర్మల్ కాగితంలో దాన్ని 0.02 శాతం లోపుకు కట్టడి చేసింది. మన దగ్గర రోల్ కొనేటప్పుడు అందులో ఏ డెవలపర్ ఉందని అడిగేవాళ్లు కనిపించరు. అడగాలి.

లేజరు ప్రింటరును అర్థం చేసుకోవాలంటే జిరాక్స్ దగ్గర మొదలుపెట్టాలి, రెండూ ఒక తల్లి పిల్లలే. పేటెంటు కాగితాల ప్రతుల కోసం చేతిరాతతో విసిగిపోయిన చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరంలోని అస్టోరియాలో గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది విద్యుదావేశం ఎక్కించాడు. వెలుగు పడ్డ చోట ఆ ఆవేశం పోయింది, పడని చోట మిగిలింది. మిగిలిన చోట పొడి చల్లితే అతుక్కుంది. గ్రీకు మాటల్లో దానికి పెట్టిన పేరుకు అర్థం 'పొడి రాత'. తడి లేనిదన్న అర్థంలోనూ, పొడితో రాసినదన్న అర్థంలోనూ తెలుగులో ఆ పేరు ఇంకా చక్కగా కుదురుతుంది. జిరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ 1970 ప్రాంతంలో మూలప్రతి నీడకు బదులు లేజరు కిరణంతోనే గళ్లు నింపే యంత్రం తయారు చేశాడు. 1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ రావడంతో అది బల్ల మీదికి వచ్చింది. పొడి అంటే మెత్తగా నూరిన ప్లాస్టిక్, అందులో బొగ్గు. కాగితం మీదికి ఎక్కాక రెండు రోలర్ల మధ్య దాదాపు 180, 200 డిగ్రీల వేడిలో కరిగి కాగితం పోగులకు అంటుకుంటుంది. కాగితం బయటికి వచ్చినప్పుడు చేతికి తగిలే వెచ్చదనం అదే. బొగ్గు కాబట్టి వెలవదు, ప్లాస్టిక్ కాబట్టి తడవదు. సర్టిఫికెట్లకూ భూమి కాగితాలకూ ఇది తగిన రాత.

దీనికీ లోపాలున్నాయి. లేజరు అక్షరం కాగితంలోకి ఇంకదు, పైన పెచ్చులా కూర్చుంటుంది. నాలుగు మడతలు పెట్టి జేబులో తిప్పిన కాగితం చూడండి, మడత పడ్డ గీత మీద అక్షరాలు రాలిపోయి ఉంటాయి. సర్వే నంబరు సరిగ్గా ఆ గీత మీద ఉంటే చెప్పేదేముంది. మెత్తని పీవీసీ కవరు ఇక్కడా శత్రువే, కాకపోతే వేరే దారిలో. కవరులోని ద్రవం ప్లాస్టిక్ పొడిని మెత్తబరుస్తుంది, అక్షరాలు కాగితాన్ని వదిలి కవరుకు అతుక్కుంటాయి. ఇంకో చిక్కు కరెంటుది. ఆ వేడి రోలరు కోసం చిన్న లేజరు ప్రింటరు కూడా నడుస్తూ కొన్ని వందల వాట్లు తాగుతుంది, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. కంప్యూటరు కోసం పెట్టిన చిన్న యూపీఎస్ ఆ బరువు మోయలేదు. కరెంటు పోయినప్పుడు పల్లెటూరి మీసేవ సెంటరులో లేజరు ఆగిపోతే అది ప్రింటరు చెడిపోవడం కాదు.

ఇంక్‌జెట్‌కు ఆ చిక్కు లేదు, పది ఇరవై వాట్లతో సరిపెట్టుకుంటుంది. సిరాను వెంట్రుక కన్నా సన్నని రంధ్రాల్లోంచి చుక్కలుగా చిమ్ముతుంది. ఎప్సన్ యంత్రాల్లో కరెంటు తగిలితే వంగే పలుచని స్ఫటికం సిరాను నొక్కుతుంది. కానన్, హెచ్‌పీ యంత్రాల్లో రెప్పపాటుకన్నా ఎంతో తక్కువ కాలంలో సిరా మరిగి బుడగై చుక్కను బయటికి నెడుతుంది. 1977లో కానన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున సిరా సిరంజి సూదికి తగిలి చుక్క ఎగిరిందని, అక్కడే ఆ బుడగ ఆలోచన పుట్టిందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. సిరా సీసాలతో నింపుకునే ట్యాంకు ప్రింటర్లు వచ్చాక పేజీ ఖర్చు బాగా తగ్గింది, ఫొటోలకూ రంగులకూ దీనికి సాటి లేదు. కాని దీని జోడింపు నీటి మీద ఆధారపడినది. కరిగే రంగుతో చేసిన సిరా కాగితం పోగుల్లోకి ఇంకి ఆరుతుంది. మళ్లీ తడి తగిలితే మళ్లీ కదులుతుంది. చెమట చేతిలోనో వాన చినుకులోనో అక్షరాలు పారుతాయి. రేణువుల సిరా, అంటే పిగ్మెంట్ ఇంకు అయితే చాలావరకు నిలుస్తుంది. చాలా ప్రింటర్లలో నలుపు ఒక రకం, రంగులు ఇంకో రకం ఉంటాయి. కాబట్టి సర్టిఫికెట్ అచ్చు వేసేవాళ్లు ఈ ఒక్క విషయం సీసా మీద చూసి కొంటే చాలు. ఏప్రిల్, మే పొడి గాలిలో పది రోజులు వాడకపోతే రంధ్రాల్లో సిరా గడ్డకట్టడం ఇంకో తలనొప్పి. రోజూ ఒక పేజీ తీయడమే దానికి మందు.

ఇంత వాదన వినేవాళ్లు తప్పకుండా ఒక మాట అడుగుతారు: కాగితం ఎందుకయ్యా, లెక్కంతా కంప్యూటరులో ఉంది కదా? చీటీ పోతే నంబరు కొట్టి మళ్లీ తీసుకోవచ్చు, ఫోనుకు మెసేజ్ కూడా వస్తుంది. మీసేవ సర్టిఫికెట్ విషయంలో ఇది నిజమే. 2011లో మీసేవ మొదలైనప్పటి నుంచి అక్కడ అసలు పత్రం డిజిటల్ సంతకంతో సర్వర్లో ఉంటుంది, కాగితం దాని నీడ. ప్రభుత్వ సర్వరుకూ దుకాణం కంప్యూటరుకూ తేడా ఉంది. దుకాణదారుడి లెక్క దుకాణదారుడి దగ్గరే ఉంటే అది ఒక పక్షం సాక్ష్యం, రెండో పక్షం సాక్ష్యం రైతు చేతిలోని కాగితమే. పైగా కంప్యూటరులోని రికార్డును కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఆ కంప్యూటరు బాధ్యుడి ధ్రువీకరణ కావాలి. ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నామో వారినే ధ్రువీకరణ అడగాల్సి వస్తుంది. బిల్లు నంబరు ఉంటేనే రికార్డు దొరుకుతుంది, ఆ నంబరు ఉన్నది వెలిసిపోయిన చీటీ మీద.

రెండో అభ్యంతరం ఖర్చుది. ప్రతి చిన్న దుకాణం లేజరు ప్రింటరు పెట్టుకోవాలా అని. అక్కర్లేదు. దారులు ఉన్నాయి. థర్మల్ తలనే వాడి, వేడి కాగితానికి బదులు మామూలు కాగితం పెట్టి, రెండింటి మధ్య మైనంలో బొగ్గు కలిపిన రిబ్బన్ నడిపే యంత్రాలున్నాయి. విత్తన సంచుల మీద, మందు డబ్బాల మీద అంటించే బార్‌కోడ్ లేబుళ్లు ఎక్కువగా ఇలా అచ్చయినవే. అక్కడ వేడి బొగ్గును కరిగించి అంటిస్తుంది, కాబట్టి అది నిలుస్తుంది. ప్యాకెట్టు మీది లాట్ నంబరు ఆయుష్షును కంపెనీ అంత శ్రద్ధగా ఆలోచించినప్పుడు, ఆ ప్యాకెట్టు అమ్మిన బిల్లు ఆయుష్షును ఎవరూ ఎందుకు ఆలోచించరన్నది నా ఫిర్యాదు. లేదంటే డాట్ మాట్రిక్స్ ఉండనే ఉంది. చప్పుడు, నెమ్మది దాని లోపాలు. కాని సీజన్లో రైతు గంటసేపు వరుసలో నిలబడే దుకాణంలో బిల్లుకు పది సెకన్లు ఎక్కువైతే నష్టమేమీ లేదు, పైగా అదే దెబ్బకు రెండు ప్రతులు వస్తాయి. చేతిరాత బిల్లు పుస్తకం కూడా దీని ముందు చిన్నబోదు. కార్బన్ పెట్టి బాల్‌పెన్నుతో గట్టిగా రాసినది థర్మల్ చీటీ కన్నా ఎక్కువ కాలం చదవడానికి ఉంటుంది.

ఇక ఇప్పటికే చేతికొచ్చిన చీటీ సంగతి. అది ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క గోరు చాలు. చీటీ మెరిసే వైపు, రాత లేని అంచున గోటితో గట్టిగా ఒక గీత గీయండి. రాపిడి వేడికి నల్లని గీత పడితే అది థర్మల్ కాగితం. పక్కనున్న జిరాక్స్ షాపులో ఆ రోజే ఒక ప్రతి తీయించుకోండి. మామూలు జిరాక్స్ మిషన్ చేసే పని వలయాల్లో ఇరుక్కున్న రాతను బొగ్గులోకి దించడమే. ఆ ప్రతి వెనక దుకాణంవారి ముద్ర, సంతకం, తేదీ అడగండి, రబ్బరు స్టాంపు సిరా కూడా చాన్నాళ్లుంటుంది. ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి. అసలు చీటీని ప్లాస్టిక్ కవరులో కాక, మామూలు కాగితపు కవరులో, పాస్‌బుక్కుకు తగలకుండా, రేకులకు దూరంగా పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి.